ఏడో ప్రశ్నకు పెట్టిన టిక్కు

ఆ ఫారంలో ఏడో ప్రశ్న ఇది: "గత నెల రోజుల్లో జ్వరం, గాయం, చీముగడ్డ, ఇంకేదైనా ఇన్ఫెక్షన్ ఉందా?" పక్కన రెండు గడులు. ఉంది, లేదు. దీపిక ఫారంలో 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది నేనే. నా నీలం పెన్నుతో, నా చేత్తో. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కోపం ఎవరి మీద అని అడిగితే వరసగా పేర్లు చెప్పగలను. ఆ వరసలో నా పేరు కూడా ఉంటుంది.

నా పేరు ఎస్తేరు. హిందూపురంలో పిల్లల డాక్టరు గంగాధరప్పగారి క్లినిక్కులో ల్యాబ్ టెక్నీషియన్ని. ఇది జరిగింది రెండు వేల ఐదులో. అప్పటికే పద్దెనిమిదేళ్ళుగా రక్తాలు తీస్తున్నాను. నాకు కోపం ఎక్కువని అక్కడ అందరికీ తెలుసు. సూది చూసి ఏడ్చే పిల్లల్ని నేనేమీ అనను. "ఏం నొప్పి ఉండదు నాయనా" అని వాళ్ళకు అబద్ధం చెప్పే పెద్దవాళ్ళను మాత్రం వదిలిపెట్టను. నొప్పి ఉంటుంది. ఉంటుందని చెప్పి పొడవాలి. అంత నిజాయితీపరురాలిని అని నా గురించి నేనే అనుకునేదాన్ని.

ఆ ఏడాది బెంగళూరు నుంచి డాక్టరుగారికి ఒక పరిశోధన పని వచ్చింది. కొందరు పిల్లలు ఒక్కచోట కూర్చోలేరు, చెప్పింది చివరిదాకా వినలేరు, ఆగమంటే ఆగలేరు. దాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. ఒంట్లో ఎక్కడైనా వాపో పుండో ఉంటే రక్తంలో కొన్ని గుర్తులు పెరుగుతాయి. ఈ పిల్లల్లో ఏ పుండూ లేకపోయినా ఆ గుర్తులు పెరిగి ఉంటాయా అన్నది తేల్చాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడుల నుంచి ఇలాంటి పిల్లలు నలభై మంది, మామూలు పిల్లలు నలభై మంది. ఒక్కొక్కరికి నెల తేడాతో రెండుసార్లు రక్తం తీయాలి. ప్రశ్న మంచిదే. దాని మీద నాకేం కోపం లేదు.

ఆదివారాలు పిలిపించేవాళ్ళం. మొదటి ఆదివారమే పదిన్నరకు పెనుకొండ నుంచి రామక్క వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మొగుడు నాగన్న గొర్రెలు కాస్తాడు, ఈమె కూలికి పోతుంది. చేతిలో ఎనిమిదేళ్ళ కూతురు దీపిక. చేతిలో అంటే నిజంగా చేతిలోనే. మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని ఉంది. వదిలిన మరుక్షణం ఆ పిల్ల తిరిగే స్టూలెక్కి గిర్రున తిరిగింది, ఐస్ పెట్టె మూత తెరిచింది, గోడ మీది క్యాలెండరు చింపింది.

"ఇట్లే అక్కా," అంది రామక్క. "మొన్న హైవేలోకి పరిగెత్తింది, గాలిపటం వెంట. లారీ ఆయప్ప బ్రేకేసి, దిగొచ్చి, నన్ను తిట్టి, ఆడనే కూచుని ఏడ్చినాడు. ఇస్కూల్లో కూడా దసరా లోపల కుదురుకోకపోతే టీసీ తీసుకోమన్నారు. ఏం చేసేదో దిక్కు తెలీకుండా ఉండాది."

బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు. నేను ఫారం ముందుకు లాక్కున్నాను. పేరు, వయసు, ఊరు. ఏడో ప్రశ్న దగ్గరికొచ్చి, "జ్వరం గిరం ఏమీ లేదు కదా?" అన్నాను.

"జరమేం లేదక్కా," అంది.

టిక్కు పెట్టాను. గాయం అన్న మాట నేను చదవలేదు. జవాబు నేనే నోట్లో పెట్టి అడిగాను, ఆమె దాన్నే తిరిగి నాకిచ్చింది.

రక్తం తీసేటప్పుడు పిల్ల జారిపోబోతుంటే నడుం చుట్టూ చెయ్యేసి బిగించాను. కెవ్వుమని అరిచింది. సూది ఇంకా గుచ్చనేలేదు. "కదలకు. కదిలావంటే ఇంకో చేతికి కూడా గుచ్చుతా," అని గద్దించాను. బిక్కచచ్చిపోయింది. ఫారం కింద 'బాగా గింజుకుంది, గట్టిగా పట్టుకోవలసి వచ్చింది' అని రాశాను. అదేదో ఆమె జబ్బుకు సాక్ష్యం అయినట్టు.

సాయంత్రం సీఆర్‌పీ పరీక్ష చేశాను. ఆ గుర్తుల్లో ఒకదాన్ని కొలిచేది. చాలా చిన్న పరీక్ష. నల్లటి పలక మీద ఒక చుక్క సీరం, అంటే రక్తం పైన తేరుకున్న తేట, దాని పక్కన తెల్లటి మందు చుక్క, రెండూ కలిపి రెండు నిమిషాలు ఊపాలి. ఏమీ లేకపోతే పాలలా ఉండిపోతుంది. ఉంటే విరిగిపోతుంది. దీపికది చూస్తుండగానే విరిగింది. సీరాన్ని ఎనిమిదింతలు పలచన చేసినా విరుగుతూనే ఉంది. ఆరు లోపల ఉండవలసిన అంకె నలభై ఎనిమిది.

డాక్టరుగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి నవ్వారు. చెడ్డ మనిషి కాదు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి పిల్లల్ని చూసే మనిషే. కానీ ఆ పనిలో పిల్లలు ఆయనకు ఫారాలుగా వచ్చారు, ఫారాలుగానే పోయారు. రెండ్రోజుల తర్వాత ఫలితం కోసం వచ్చిన రామక్కను నిలబెట్టే, "మీ పాప రక్తంలో దోషం కనబడుతోందమ్మా. ఈ అల్లరికీ దానికీ సంబంధం ఉందేమో చూస్తున్నాం. దీనికి ఇంకా మందులేం లేవు. వచ్చే నెల మళ్ళీ తీసుకురా," అన్నారు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టలేదు, గౌను ఎత్తి చూడలేదు. అంతా కలిపి రెండు నిమిషాలు. రామక్క చేతులు జోడించి వెళ్ళిపోయింది.

నెల తిరిగింది. రెండోసారి దీపిక నా గదిలోకి వచ్చినప్పుడు గెంతడం లేదు. ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. దగ్గరికి రాగానే వాసన వచ్చింది. చీము వాసన. పద్దెనిమిదేళ్ళుగా ఆ వాసన నాకు బాగా తెలుసు. గౌను వీపుకు అంటుకుపోయి ఉంది. సెలైన్‌తో తడిపి మెల్లగా ఊడదీశాను.

వీపు మీద మూడు గీతలు. ఒక్కొక్కటి వేలెడు పొడవు. అంచులు నల్లగా, నడుమ పచ్చగా, కారుతున్నాయి. ముందుకు తిప్పి చూస్తే బొడ్డు పక్కన ఇంకో మూడు. అవి మానిపోయి నున్నగా మెరుస్తున్నాయి. పోయిన నెల నా చెయ్యి బిగించింది సరిగ్గా వాటి మీదే.

"వాతలా?" అన్నాను.

రామక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రామక్కా, నేనడిగేది నిన్నే. ఎవరు పెట్టినారు?"

"చెప్పకూడదక్కా. మూడూ అయ్యేదాకా చెప్తే గుణం పోతాది."

"గుణం సంగతి నేను చూస్తా, నువ్వు చెప్పు," అని అరిచాను. బయట కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు.

మెల్లగా చెప్పింది. ధర్మవరం దాటి బత్తలపల్లి పోయే దారిలో ఒక పల్లె. అక్కడ ఉలిగప్ప అని ముసలాయన. గొర్రెలకు రోగమొస్తే కడ్డీ కాల్చి వాతలు పెట్టే మనిషి. పిల్లలకూ పెడతాడు. పైసా తీసుకోడు, ఒట్టి ఆకూవక్కా, బెల్లం. మూడు అమావాస్యలకు మూడుసార్లు. మొదటిది కడుపు మీద, రెండోది వీపు మీద.

"మూడోది?"

రామక్క తన కణతల మీద రెండు వేళ్ళు పెట్టుకుని చూపించింది. కంటికీ చెవికీ నడుమ, చర్మం కింద నరం కొట్టుకునే చోట.

"మొదటిది పెట్టించినాక నాకు మనసు రాలేదక్కా. ఇంక చాలు అనుకుంటి. డాక్టరు చెప్పె కదా రక్తంలో దోషముండాదని. అందుకే రెండోదానికి పోయినాం."

వాత పెట్టిన పుండు చీము పట్టింది. ఆ చీము రక్తంలో అంకెను పెంచింది. ఆ అంకె చూసి మేం దోషముందన్నాం. ఆ మాట విని మళ్ళీ వాత పెట్టించారు. ఆ రోజు రక్తం తీసి చూస్తే తొంభై ఆరు. పోయిన నెలకు సరిగ్గా రెట్టింపు. ఇంకో మూడు వారాల్లో అమావాస్య.

కాగితం పట్టుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన కంప్యూటరు ముందు ఉన్నారు. తెర మీద రెండు కడ్డీల బొమ్మ. ఎడమది ఈ పిల్లల అంకె, ఎత్తుగా. కుడిది మామూలు పిల్లలది, పొట్టిగా.

"సార్, ఈ పాపకు రక్తంలో ఏమీ లేదు. వీపంతా పుండు. వాతలు."

ఆయన లేచి వచ్చి చూశారు. ముఖం మాడింది. యాంటీబయాటిక్ రాశారు, కట్టు ఎలా కట్టాలో చెప్పారు. అదంతా సరిగ్గానే చేశారు. తిరిగొచ్చి కూర్చున్నాక, "ఫారంలో గాయం లేదని ఉండాది కదా," అన్నారు.

"అది తప్పు సార్. నేను సరిగ్గా అడగలేదు."

"నీ చేతి రాతే ఎస్తేరమ్మా."

"అవును సార్, నాదే. అందుకే చెబుతున్నా. మిగతా పిల్లల్ని కూడా గౌన్లు, చొక్కాలు ఎత్తి చూడాలి. ఈ పొద్దు పొద్దున్నుంచి వచ్చిన ఐదుగురిలో ఇద్దరికి మచ్చలున్నాయి. ఇప్పుడే చూసి వస్తున్నా."

ఆయన తెర వైపు చూశారు. "డిసెంబరులో బెంగళూరులో మీటింగు. ఇప్పుడు ఒక్కొక్కరినీ తీసేస్తే ఏం మిగులుతాది?"

"నిజం మిగులుతాది సార్."

అలా అన్నందుకు నాకేమీ సిగ్గు లేదు. ఆయనకు కోపం వచ్చింది. నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది. "పరిశోధన మీ ఇష్టం. ఆ తల్లిని పిలిచి రక్తంలో దోషం లేదని ఒక్క మాట చెప్పండి. మీ మాట మీదే కదా ఆమె పోయింది," అన్నాను.

"తొంభై ఆరు పెట్టుకుని ఏమీ లేదని ఎట్లా చెప్పేది? తగ్గనీ, తగ్గినాక చూద్దాం," అన్నారు.

తగ్గినాక. సరే. పళ్ళు నూరుకుంటూ బయటికి వచ్చాను. తగ్గిస్తాను, తగ్గించి కాగితం మీద పెడతాను, అమావాస్యకు ముందే ఆ తల్లి చేతిలో పెడతాను అనుకున్నాను.

మూడు వారాలు, వారానికి మూడు రోజులు, పని అయ్యాక హిందూపురం నుంచి ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగేదాన్ని. రామక్క ఇంటి ముందు అరుగు మీద దీపికను బోర్లా పడుకోబెట్టి కట్టు మార్చేదాన్ని. ఒక్కచోట ఉండేది కాదు. కట్టుగుడ్డ ఒక చివర నా చేతిలో, రెండో చివరతో ఆమె వీధిలో. నేను అరవలేదు. వెంట తిరుగుతూ కట్టాను. కోడిపిల్లల పేర్లన్నీ చెప్పింది. పదకొండు కోడిపిల్లలకు పదకొండు పేర్లు, ఏ పేరూ మరిచిపోకుండా. ధ్యాస నిలవదని ఎవరన్నారో వాళ్ళను పిలుచుకొచ్చి ఆ అరుగు మీద కూర్చోబెట్టాలనిపించింది.

పుండు ఆరింది. అమావాస్యకు ముందు రోజు పొద్దున రక్తం తీశాను. మధ్యాహ్నం పలక మీద చూశాను. రెండు నిమిషాలు ఊపాను, మూడు నిమిషాలు ఊపాను. పాలు పాలలాగే ఉన్నాయి. నెగటివ్. రిపోర్టు నేనే టైపు చేసి, ల్యాబు ముద్ర వేసి, సంతకం పెట్టి, సాయంత్రం బండికి పెనుకొండ వెళ్ళాను.

"చూడు రామక్కా. రక్తం శుభ్రంగా ఉండాది. దోషమేమీ లేదు," అని కాగితం చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుంది. కూతుర్ని దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టింది. ఏడ్చింది. తర్వాత అంది, "ఉలిగప్ప చెయ్యి మంచిదక్కా. రెండింటికే బాగయిపోయింది. ఇంక మూడోది అక్కర్లేదు కదా?"

నా నాలుక చివరిదాకా వచ్చింది. వాతతో బాగవ్వలేదు తల్లీ, చెడింది వాతతోనే, అని. కానీ నా కళ్ళు దీపిక కణతల మీదే ఉన్నాయి. ఇప్పుడు కాదంటే, వాత పని చెయ్యలేదంటే, మూడోది కూడా పెడితేనే పని చేస్తుందేమో అనుకుంటుంది. ఇంక పన్నెండు గంటలు తిరిగితే అమావాస్య. వాదించడానికి టైము లేదు.

"అక్కర్లేదు," అన్నాను. ఆ ఒక్క మాట అని నోరు మూసుకున్నాను.

బండిలో తిరిగి వస్తూ గెలిచానని అనుకున్నాను. ఒక పిల్ల ముఖం కాపాడాను, చాలు అనుకున్నాను. ఉలిగప్ప మీద కోపాన్ని, డాక్టరు మీద కోపాన్ని కడుపులో పెట్టుకుని హాయిగా నిద్రపోయాను.

తర్వాతి నెలలో ఒక ఆదివారం రామక్క మళ్ళీ వచ్చింది. వెంట ముగ్గురు ఆడవాళ్ళు. ధర్మవరం వైపు నుంచి తెల్లారి బండికి వచ్చామన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బిడ్డ. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో జిరాక్సు కాగితం.

అది నేను రాసిన రిపోర్టు. దీపిక పేరు, నెగటివ్ అన్న మాట, ముద్ర, కింద నా సంతకం. ఉలిగప్ప ఇంటి గోడకు అసలు కాగితాన్ని అట్టకు అంటించి పెట్టుకున్నాడట. ఆయనకు చదువు రాదు. అడిగిన వాళ్ళకు ఇదో చూడండని వేలితో చూపిస్తాడట.

"మా బిడ్డలకు కూడా ఇట్లే చూసి రాసీయమ్మా," అంది వాళ్ళలో పెద్దామె. "ఒకటో వాత అయింది. ఇంక ఎన్ని పెట్టల్లో నువ్వు చెప్తావంట కదా."

ముగ్గురు పిల్లల్నీ చూశాను. మధ్యలో ఉన్న పాపకు నాలుగేళ్ళు కూడా ఉండవు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"చూడండి, మా దీపిక ఎంత బుద్ధిగా కూచుంటాదో," అంది రామక్క గర్వంగా.

దీపిక స్టూలు మీద కూర్చుంది. అడగకుండానే ఎడం చెయ్యి చాచి బల్ల మీద పెట్టింది. వేలు కూడా కదపడం లేదు. ఊపిరి కూడా బిగబట్టింది. నా వైపు చూసి, చాలా చిన్నగా, "కదలనక్కా. బాగుందని రాయి," అంది.

ఆ పిల్ల కుదురుగా కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే. పెద్దామె చేతిలో జిరాక్సు లాక్కుని చింపేశాను.

"ఇనండి. వాతతో ఈ పిల్ల రక్తం బాగవ్వలేదు. వాత పెట్టినందుకే చెడింది. పుండు మానితే బాగయింది. నేను రాసిన కాగితానికి అర్థం అంతే. ఉలిగప్ప పెట్టేది మందు కాదు, పుండు. ఆ పుండును మేం చూడకుండా రక్తంలో దోషమని చెప్పినాం. తప్పు మాది."

రామక్క ముఖంలో గర్వం దిగిపోయింది. తిడుతుందనుకున్నాను. మూడోది ఇప్పుడు పెట్టించాలా అని అడుగుతుందని భయపడ్డాను. ఆమె అడిగింది ఇంకోటి.

"ఇది ఆ పొద్దు నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి, మా అరుగు మీద కూచుని, నా మొగం చూస్తా, ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మూడోది పెట్టిస్తావని."

ఆమె నన్నే చూసింది. నా జీవితంలో నా మీద అంత కోపంగా ఎవరూ చూడలేదు. గొంతు మాత్రం పెంచలేదు.

"డాక్టరు చెప్తే ఇనింటి. ఉలిగప్ప చెప్తే ఇనింటి. నువ్వు మూడు వారాలు రైలెక్కి వచ్చి నా బిడ్డ చీము కడిగినావు. నువ్వు చెప్తే ఇనకపోదునా? చెప్పింటే వీళ్ళను నేను ఆడికి పంపుదునా? ఆ కాగితం తీసకపోయి ఆయప్ప చేతికి ఇచ్చింది నేనే కదక్కా. ఈ ముగ్గురికీ దావ చూపించింది నేనే కదా. అందరూ నన్ను గొర్రె మాదిరే చూసినారు. నువ్వు కూడా."

డాక్టరు ఆమెకు రెండు నిమిషాలిచ్చాడని తిట్టుకున్నాను. నేనిచ్చింది ఒక్క మాట.

రామక్క ఇక నాతో మాట్లాడలేదు. దీపికను స్టూలు మీంచి దించి, ఆ ముగ్గురి వైపు తిప్పి, గౌను ఎత్తింది. కడుపు చూపించింది. వెనక్కి తిప్పి వీపు చూపించింది. "ముట్టుకుని చూడండి," అంది. పెద్దామె చెయ్యి ముందుకు వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది. నాలుగేళ్ళ పాప తల్లి బిడ్డను ఎత్తుకుని గోడ వైపు తిరిగి నిలబడింది.

నేను బీరువా తీసి, నలభై ఫారాల్లోంచి దీపికది బయటికి లాగాను. ఏడో ప్రశ్న దగ్గర నా టిక్కును అడ్డంగా కొట్టేసి, 'ఉంది' అన్న గడిలో కొత్తగా పెట్టాను. కింద 'కారణం' అని ఒక గీత ఉంది.

"ఏం రాయాలి రామక్కా?" అన్నాను. ఈసారి జవాబు నేను ఇవ్వలేదు. కూర్చుని, ఆమె చెప్పేదాకా ఆగాను.

దీపిక గౌను సరిచేసి అంది. "ఉలిగప్ప కాల్చినాడని రాయి. చేతులు పట్టుకునింది నేనని రాయి. డాక్టరు చూడలేదని రాయి. నువ్వు చెప్పలేదని కూడా రాయి."

ఆ గీత మీద అంత చోటు లేదు. కాగితం వెనక్కి తిప్పి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, డాక్టరుగారి బల్ల మీద పెట్టి వచ్చాను.